నెత్తురు ఆపే మాట

ఇంకొక్క గంట. గోడమీది గడియారం ఎనిమిది చూపిస్తోంది, మరమీద ఎర్ర అంకెలు మాత్రం యాభై ఏడు నిమిషాలే అంటున్నాయి; ఆ రెండింటికీ ఎప్పుడూ పొసగదు, ఎల్డన్‌కీ తమ్ముడు క్లోవిస్‌కీ పొసగనట్టే. ఎడమచేతికి రెండు సూదులు. ఒకదాంట్లోంచి నెత్తురు బయటికొచ్చి, గొట్టాల వెంట తిరిగి, మరలో ఉతుక్కుని, రెండోదాంట్లోంచి లోపలికి పోతుంది. మూత్రపిండాలు రెండూ చేతులెత్తేసి ఏడాదిన్నర. సోమ, బుధ, శుక్రవారాలు తెల్లారి అయిదింటికొచ్చి ఈ వాలుకుర్చీలో పడ్డాడంటే తొమ్మిదిదాకా కదలడానికి లేదు, ఎడమచెయ్యి దురద పెడితే గోక్కోవడానికి లేదు, దాహమేస్తే నీళ్ళు లేవు, కాగితపు గ్లాసులో నాలుగు మంచుముక్కలు, అంతే. బయట బయూ కాలవ నీళ్ళ మీద ఈపాటికి ఎండ ఎక్కి ఉంటుంది, రొయ్యల పడవలు సముద్రం వైపు సగం దూరం పోయి ఉంటాయి. లోపల చలి. మందునీళ్ళ వాసన. పన్నెండు కుర్చీలు, పన్నెండు దుప్పట్లు, కుర్చీకొకటి చొప్పున పన్నెండు చిన్న టీవీలు, ఇప్పుడు పన్నెండింట్లోనూ ఒకటే బొమ్మ: రక్తపిశాచాల సీరియల్. నిన్న రాత్రి వేసిన భాగమే మళ్ళీ ఇప్పుడు వేస్తారు. తెల్లారి నాలుగింటికి లేవాల్సిన మనుషులు రాత్రిళ్ళు టీవీ చూడరు కాబట్టి సోమవారం పొద్దున్న ఎనిమిదిదాకా ఈ హాల్లో దాని ఊసెత్తడం నేరం. పోయిన నెల సూదులు పొడిచే పిల్ల రెనిషా నోరు జారి "అయ్యో, ఆ నర్సు..." అందో లేదో, అవతల కుర్చీలో మిస్ వెర్లీ చేతిలో ఉన్న గళ్ళ నుడికట్టు పుస్తకం గాల్లోకి లేచింది.

అందరూ ఆ పిశాచాలు ఎవర్ని కొరుకుతాయా అని చూస్తున్నారు. ఎల్డన్ చూస్తున్నది అందుకు కాదు. అమ్మ మాటని తమ్ముడు ఎలా అమ్ముకున్నాడో చూద్దామని. అమ్ముకున్నాడని ఊరంతటికీ తెలుసు, పోయిన నెల పేపర్లో ఫోటో పడింది, నడుం సన్నంగా ఉన్న ఆ నటి ఒకపక్క, క్లోవిస్ ఒకపక్క, బడిపంతులు కళ్ళజోడూ, ఇస్త్రీ చొక్కా, వెనకాల షూటింగు దీపాలు. కింద అచ్చేశారు: మన పాత ఫ్రెంచిని తారకి నేర్పిన స్థానిక ఉపాధ్యాయుడు, నెత్తురు ఆపే ప్రాచీన ప్రార్థన తొలిసారి తెరమీద. తొలిసారి! పదిమందిలో పైకి పలికితే ఆ మాట చచ్చిపోతుంది రా వెధవా, ఆ సంగతి నీకు తెలీదా, నీ పిల్లలకి పాఠం చెప్పలేదా. అమ్మ ఆ మాటని పెదాలు కదిపీ కదపకుండా అనేది. రోగి చెవికి కూడా అందేది కాదు. పొలంలో కొడవలితో కోసుకున్నవాళ్ళూ, బాలింతలూ, ముక్కునెత్తురు ఆగని పిల్లలూ, అర్ధరాత్రీ అపరాత్రీ లేదు, కారులో వచ్చి గుమ్మంలో నిలబడేవాళ్ళు, ఆమె ఏప్రనుకి చేతులు తుడుచుకుని అరచెయ్యి గాయం మీద పెట్టేది, అంతే, కుళాయి కట్టేసినట్టు. అలాంటి మాటని ఇప్పుడు అమెరికా అంతా చిప్స్ నములుకుంటూ వింటుంది.

"చూడు చూడు, ఆగస్టు నెల్లో ఉన్నికోటు," మిస్ వెర్లీ అప్పుడే మొదలెట్టింది. అవతల కుర్చీ ఆవిడది, డెబ్బై ఏళ్ళ నల్లావిడ, చర్చి పాటలమేళంలో పెద్దగొంతు. "ఈ లూయిజియానాలో ఆగస్టులో ఉన్నికోటేసుకుని చెమట పట్టనివాడంటే నిజంగానే చచ్చినవాడే, ఒప్పుకుంటా."

తెరమీద తెల్ల స్తంభాల మేడ. మేడలోంచి కల్నల్ దిగుతున్నాడు, నూట యాభై ఏళ్ళనాటి పిశాచం, పాలిపోయిన అందగాడు, మాటలు మాత్రం నోట్లో ఉడుకు దుంప పెట్టుకున్నట్టు. దక్షిణాది మనుషులు అలా మాట్లాడతారని ఏ ఊరివాడు చెప్పాడో వీళ్ళకి. ఎల్డన్‌కి కుడిపక్క కుర్చీలో ముసలి ఓజెమ్ దుగా, ఎనభై రెండేళ్ళు, చెవుడు, అందుకే టీవీ గొంతు హాలంతటికీ వినిపించేట్టు పెంచుతాడు. కల్నల్ ఒక పనిపిల్ల మెడమీదికి వంగగానే పన్నెండు కుర్చీల్లోనూ పెదవి విరుపు. ఎవడికి చెప్తారు నెత్తురు సంగతి? వారానికి మూడుసార్లు తమ నెత్తురు తమ కళ్ళముందు గొట్టాల్లో పాకుతుంటే చూసేవాళ్ళకి చెప్తారా? అది అలా ఎర్రగా, బొమ్మలకేసిన రంగులా ఉండదు. నల్లద్రాక్ష పండు చిదిమినట్టుంటుంది. వెచ్చగా ఉంటుంది, గొట్టం చేతికి తగిలితే ఉలిక్కిపడేంత వెచ్చగా, ఇది నాదేనా అనిపించేంత.

"మనల్ని కొరికితే తెలుస్తుంది వాడికి," ఓజెమ్ గట్టిగా అన్నాడు. "సాయంత్రానికి వాడికీ ఓ కుర్చీ వేయించాలి ఇక్కడ."

"నా పక్కన వద్దు," అంది మిస్ వెర్లీ. "తెల్లారాక రాలేడుగా, మనది తొలి బ్యాచి."

రెనిషా నవ్వుతూ వచ్చి ఎల్డన్ రక్తపోటు చూసింది, కాస్త ఎక్కువే ఉంది, "ఏంటి మిస్టర్ ఎల్డన్, పొద్దున్నే ఎవరిమీదో కోపంగా ఉన్నారు," అంది. ఎవరిమీద? నీకెందుకమ్మా. ఎడమచేతి మీద, సూదుల కోసం ఆపరేషను చేసి పెంచిన నరం, చర్మం కింద పాములా ఉబ్బి, వేలు పెడితే గుర్రుమంటుంది, పడవ ఇంజనులాగా. ఆ నరం వల్లే వచ్చింది గొడవంతా. సూదులు తీశాక అందరికీ పది నిమిషాల్లో ఆగుతుంది నెత్తురు, ఎల్డన్‌కి ఆగదు. అరగంట, నలభై నిమిషాలు, గుడ్డ మీద గుడ్డ. తర్వాత బ్యాచివాళ్ళు గుమ్మంలో నిలబడి ఇతని కుర్చీ వంక చూస్తుండేవాళ్ళు. పోయినేడు ఒకరోజు కళ్ళు తిరిగి పక్కకి ఒరిగిపోతే ఓజెమే కేక పెట్టాడు, "వాడి తమ్ముడికి కొట్టండి ఫోను! వాళ్ళమ్మ మాట వాడి దగ్గరుంది!" అని. అప్పటికి అన్నదమ్ములకి మాటల్లేక ఆరేళ్ళు. రెనిషాయే ఫోను పట్టుకుని చెవి దగ్గర పెట్టింది. అవతలనుంచి క్లోవిస్ గొంతు, బడి కారిడారులో పిల్లల అల్లరి మధ్య, "అడుగుతున్నావా?" అన్నాడు. అడగాలి. అడిగితేగాని ఆ మాట వెయ్యకూడదు, అది మొదటి నియమం. ఎల్డన్ పళ్ళు బిగించి "అడుగుతున్నా," అన్నాడు. "పూర్తి పేరు చెప్పు." ఒక కడుపున పుట్టినవాడు పూర్తి పేరు అడుగుతున్నాడు. "ఎల్డన్ జోసెఫ్ మెలాన్సాన్." తర్వాత కాసేపు ఏమీ వినపడలేదు, ఊపిరి తప్ప. తర్వాత ఫోను పెట్టేసిన చప్పుడు. గుడ్డ తీసి చూస్తే ఆగిపోయింది. అప్పట్నుంచీ వారానికి మూడుసార్లు, తొమ్మిదీ అయిదుకి, క్లోవిసే ఫోను చేస్తాడు. అడుగుతున్నావా. అడుగుతున్నా. పూర్తి పేరు. ఊపిరి. పెట్టేస్తాడు. బాగున్నావా లేదు, పోయావా లేదు, వెళ్ళొస్తా లేదు. అన్నిటికంటే ముఖ్యం, మెర్సీ లేదు, అంటే థాంక్స్ లేదు.

మెర్సీ చెప్పకూడదు. అది ఈ నీటిపల్లెల్లో పాలుతాగే పిల్లాడికి కూడా తెలిసిన సంగతి. చెయ్యి పెట్టిన మనిషికి కోడిగుడ్లు తెచ్చి మెట్లమీద పెట్టు, చేపలు తెచ్చి గుమ్మానికి తగిలించు, కంచె బాగుచెయ్యి, ఏదైనా చెయ్యి, నోరు తెరిచి కృతజ్ఞత మాత్రం చెప్పకు. చెప్పావా, మూసుకున్న గాయం మళ్ళీ నోరు తెరుస్తుంది, చెప్పించుకున్న చెయ్యి చల్లబడిపోతుంది. అలాంటి మాటని ఈరోజు తొమ్మిదీ అయిదుకి ఎల్డన్ చెప్పబోతున్నాడు. రెండు వారాలుగా నోట్లో పెట్టుకుని తిరుగుతున్నాడు దాన్ని, ట్రక్కు నడుపుతూ అద్దంలో చూసుకుని అంటున్నాడు, గడ్డం గీసుకుంటూ అంటున్నాడు, కుక్కకి అన్నం పెడుతూ దాంతో కూడా అన్నాడు. మెర్సీ, తమ్ముడూ. చాలా మెర్సీ. మనసారా మెర్సీ. ఎంత తియ్యగా అనాలో, ఎక్కడ ఆపాలో, అన్నీ కుదుర్చుకున్నాడు. టీవీలో పలికించాడు కాబట్టి అమ్మ మాట నిన్న రాత్రే చచ్చిపోయి ఉండాలి. ఉండనీ. శవం లేవకుండా గుండెలో మేకు దిగ్గొడతారు చూడు ఈ సీరియల్లో, అలాగ, చచ్చినదాని మీద కూడా ఒక దెబ్బ. ఇక వాడి దగ్గరికి ఎవరూ రాకూడదు. అమ్మ వాకిట్లో నిలబడ్డట్టు వాడి వాకిట్లో ఎవరూ నిలబడకూడదు. మరి నీ నెత్తురో? పోతే పోతుంది. నలభై నిమిషాలు కాకపోతే గంట. వీళ్ళ దగ్గర గుడ్డలకి కొదవా. పగ తీర్చుకోవడానికి ఒంట్లో నెత్తురు ఖర్చుపెట్టనివాడిది అదేం పగ.

మంచుముక్క నోట్లో వేసుకున్నాడు. చల్లగా నాలిక మీద. ఆవేళ కూడా చలే. పన్నెండేళ్ళు తనకి, క్లోవిస్‌కి ఏడు. బెండమడి పక్కన పార మీద కాలేశాడు చిన్నాడు, పాదం రెండుగా విచ్చుకుంది, తను వాణ్ణి వీపున వేసుకుని పరిగెత్తుకొచ్చాడు, వీపంతా వెచ్చగా తడిసిపోయింది, ఆ వెచ్చదనం, ఈ గొట్టం వెచ్చదనం ఒకటే. అమ్మ వంటింటి బల్లమీద వాణ్ణి పడుకోబెట్టి చెయ్యి పెట్టింది. ఆగింది. కళ్ళముందు ఆగింది. తమ్ముడు చావలేదు. ఆ సంతోషం గుండెల్లోంచి గొంతులోకి తన్నుకొచ్చి, తను ఏడుస్తూ, "మెర్సీ, అమ్మా," అన్నాడు. అన్నంతసేపు పట్టలేదు. అమ్మ వేళ్ళ సందుల్లోంచి ఎర్రగా. ఆమె తనవంక చూసిన చూపు. కోపం కాదు. కోపమైనా బాగుండేది. తర్వాత పట్నం డాక్టరు కుట్లేశాడు, వాడు బతికాడు, కుంటుతూ బతికాడు. కానీ అమ్మ పొయ్యిదగ్గర నాన్నతో అన్న మాట ఎల్డన్ గోడవతల విన్నాడు, "పెద్దాడి నోట్లో నువ్వుగింజ నానదు. వీడికి ఆ మాట ఇవ్వలేను." ఆడది మగాడికే ఇవ్వాలి, తనకంటే చిన్నవాడికే ఇవ్వాలి, ఉన్నది ఇద్దరు కొడుకులు. ఒకడి నోరు తీసేస్తే మిగిలింది ఒకడు.

"ఒసే ఆగు, లోపలికి రమ్మనకే!" మిస్ వెర్లీ టీవీని తిడుతోంది. "పిలవకపోతే వాడు గుమ్మం దాటలేడే, మొద్దూ!" తెరమీద నర్సుపిల్ల, కథానాయిక, వానలో నిలబడ్డ కల్నల్‌ని చూసి జాలిపడి, లోపలికి రండి, కాఫీ తాగుదురుగాని, అంటోంది. పిలవక ఏం చేస్తుంది, ఇక్కడ పెరిగిన పిల్లగా. అప్పులవాణ్ణయినా లోపలికి రమ్మని కాఫీ పొయ్యమనే నేర్పుతారు. షూటింగువాళ్ళు వచ్చినప్పుడూ అంతే, ఊరంతా తలుపులు తీసింది, క్రాఫిష్ ఉడకబెట్టి పేపర్లు పరిచి తినమంది, మా చర్చి చూడండి, మా సమాధులు చూడండి, మా అమ్మమ్మ ఫోటో చూడండి. పీల్చుకుపోయారు. అమ్మ చిన్నప్పుడు బడిలో ఇదే ఫ్రెంచి మాట్లాడిందని టీచరమ్మ మొక్కజొన్న గింజలమీద మోకాళ్ళేయించింది, ఆ గుంటలు చచ్చేదాకా ఉన్నాయి మోకాళ్ళమీద. ఇప్పుడదే భాషకి ఈ పిల్ల బహుమతి కొడుతుంది. కొట్టు. బహుమతి పుచ్చుకుంటూ మెర్సీ కూడా చెప్పు.

ఆ చలికాలమే నాన్న. ఆలోచించకూడదనుకుంటాడు, మర తిరిగే చప్పుడు వింటే ఎలా ఆగుతుంది. రేవులో పడవమీద వలతాడు చుట్టే మర, నాన్న చొక్కా చెయ్యి, తర్వాత చెయ్యి. అమ్మని పిలుచుకొచ్చింది తనే, గట్టువెంట పరిగెత్తుకుంటూ. ఆమె మోకాళ్ళమీద కూర్చుని అరచెయ్యి పెట్టింది, పెదాలు కదిలాయి, కదిలాయి, కదిలాయి. ఆగలేదు. రేవులో జనమంతా ఆమె చేతివంకే చూస్తున్నారు, తను మాత్రం ఆమె మొహం చూశాడు, ఆమె తనవంక చూడకుండా ఉండడానికి ఎంత కష్టపడుతోందో చూశాడు. నెలలోపల బడి మానేశాడు. పదమూడో ఏడు నిండలేదు. నాన్న పడవెక్కాడు. క్లోవిస్ చదువుకున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు, ముప్ఫై మూడేళ్ళు ఎవరూ ఒక్కమాట అనలేదు, వసంతానికి అమ్మ చేతికి మళ్ళీ వేడొచ్చింది, జనం మళ్ళీ గుమ్మంలో నిలబడ్డారు, ఏం జరగనట్టే గడిచిపోయింది. చివరికి అమ్మని పూడ్చిన రోజు, సమాధికింకా సున్నం ఆరలేదు, ఆవిడ కుర్చీ ఎవరికని ఏదో పనికిమాలిన మాటమీద మాట పెరిగి, క్లోవిస్ అన్నాడు. పదిమందిలో, ఫాదరు ముందు, తొణక్కుండా బెణక్కుండా, పలకమీద రాసినట్టు అన్నాడు.

నీ నోరే నాన్నని తిన్నది.

దానికి జవాబు రెండు వారాలుగా తయారుచేసింది కాదు. ఏడేళ్ళుగా తయారుచేస్తున్నది. టీవీ ఒక సాకు. ఫోటో ఒక సాకు. నా నోరు నాన్నని తిన్నదన్నావు కదరా, సరే, ఇదిగో అదే నోరు, మళ్ళీ తెరుస్తున్నా, ఈసారి తెలిసి తెరుస్తున్నా, కాచుకో. నీ చెయ్యి చల్లబడ్డాక, ఎవడో పసివాణ్ణి నీ బల్లమీద పడుకోబెట్టి నీ పెదాలవంక చూస్తుంటే, అప్పుడు నీ మొహం ఎలా ఉంటుందో చూడాలి. అమ్మ మొహంలా ఉంటుందా.

మర గుయ్యిమంది. రెనిషా పరిగెత్తుకొచ్చింది. "చెయ్యి బిగిస్తున్నారు, వదులుగా పెట్టండి, గొట్టం మడతపడుతోంది." వదులుగా పెట్టాడు. ఎర్ర అంకెలు పధ్నాలుగు నిమిషాలు.

"ష్! ష్! వచ్చింది!" ఓజెమ్ మంచంలో లేచినట్టు కుర్చీలోంచి ముందుకొంగాడు, మెడ సాగదీసి. అందరికీ తెలుసు ఏది వచ్చిందో, పేపర్లో చదివారు. తెరమీద వంటిల్లు. నేలమీద నర్సుపిల్ల వాళ్ళన్న, మెడ చీరుకుపోయి, ఆ జామ్‌రంగు నెత్తురు పలకల నేలంతా. మూల నీడలో కల్నల్, కోరలు తుడుచుకుంటూ, తాపీగా, ఇక వాడు నావాడే అన్నట్టు. పిల్ల మోకాళ్ళమీద కూర్చుంది. దీపం వెలిగించింది. (దీపమెందుకే, అమ్మ ఎప్పుడు వెలిగించింది దీపం.) అరచెయ్యి గాయం మీద పెట్టింది. వయొలిన్లు. కెమెరా ఆమె పెదాల దగ్గరికొచ్చింది. ఎల్డన్ కుడిచెయ్యి దుప్పటిని పిడికిట పట్టింది. నలభై ఏళ్ళు ఏ పెదాల కదలికని గోడవతలనుంచీ, కిటికీసందులోంచీ, బల్లకిందనుంచీ దొంగచాటుగా చూశాడో, ఏ మాట తనకివ్వలేదో, ఏ మాట ఒక్కటి ఉంటే నాన్న దగ్గర తనే చెయ్యి పెట్టేవాడో, అది ఇప్పుడు, సబ్బుల ప్రకటనల మధ్య, ఊరికే. వినకూడదని కళ్ళు మూసుకున్నాడు. చెవులు మూసుకోవడానికి చెయ్యి ఒకటే ఉంది.

పిల్ల మొదలెట్టింది, నెమ్మదిగా, ఒక్కొక్క ముక్కా, ముత్యాలు పేర్చినట్టు. పాత ఫ్రెంచి. నిజమే, అమ్మ భాషే, అమ్మ యాసే.

"మళ్ళీ... బెండమడిలో... పడ్డావా... వంకరకాళ్ళ... ముసలి పీనుగా."

ఎల్డన్ కళ్ళు తెరిచాడు.

తెర అడుగున ఇంగ్లీషులో అక్షరాలు పడుతున్నాయి: ఓ అరుణ నదీ, నీ గట్లు నీకు గుర్తులేవా. పిల్ల కళ్ళల్లో నీళ్ళు. "నీ బాబు... నాటాడా... ఈ తోట." అడుగున అక్షరాలు: పితరుల పేరిట నిన్ను శాసిస్తున్నాను. వయొలిన్లు పెరిగాయి. కల్నల్ గోడకి అంటుకుపోతున్నాడు, చెవులు మూసుకుంటున్నాడు, కోటుమీంచి పొగలు. "తిన్నది చాలు. నిలబడు, మదామ్. కదిలావంటే... నీ తోలు ఒలిచి... గుమ్మానికి కడతా."

మదామ్. తాత చచ్చిపోతూ వదిలిపోయిన కంచరగాడిద పేరు మదామ్. ఎన్ని కంచెలు వేసినా దూకి బెండతోటలో పడేది, ప్రతి పొద్దునా, దేవుడిచ్చిన ప్రతి పొద్దునా అమ్మ చేటతో వంటింట్లోంచి పరిగెత్తుతూ ఇవే తిట్లు, అక్షరం పొల్లుపోకుండా ఇవే, ఇదే వరసలో, జపమాల తిప్పినట్టు. అన్నదమ్ములిద్దరూ వాటికే నిద్రలేచేవాళ్ళు. క్లోవిస్ అచ్చు అమ్మలా అనుకరించేవాడు, ఏడేళ్ళవాడు, చేట పట్టుకుని, మంచాల మధ్య ఎగురుతూ, తను పొట్ట పట్టుకుని పడీపడీ నవ్వేవాడు.

కుడిపక్కనుంచి ఒక వింత చప్పుడు. ఓజెమ్. ముందు దగ్గనుకున్నాడు. ముసలాడి మొహం ఎర్రబడిపోయింది, కళ్ళమ్మట నీళ్ళు, కట్టుడుపళ్ళు జారిపోతుంటే కుడిచేత్తో పట్టుకున్నాడు. "ఒరే... ఒరే ఎల్డన్... మీ గాడిద కదరా అది! మీ అమ్మ కేకలు మా ఇంటిదాకా..." మిగతాది నవ్వులో కొట్టుకుపోయింది.

"మూసుకోండి!" మిస్ వెర్లీ కన్నీళ్ళు తుడుచుకుంటూ కసిరింది. "ఇంత పవిత్రమైన చోట నవ్వొస్తోందా మీకు? చచ్చినవాళ్ళు కూడా వినే మాటలవి. చూడండి, పిల్లాడి నెత్తురు ఆగింది!"

ఆగింది. తెరమీద ఆగింది. దేశంలో పిశాచాలన్నీ వణికిపోయాయి. ఎల్డన్‌కి నవ్వు రాలేదు, లోపల ఎక్కడో ఏదో కదిలింది, నవ్వు అయ్యుండాలి, బయటికొచ్చేదారి మర్చిపోయినట్టుంది, పక్కటెముకల దగ్గర నొప్పిగా ఆగిపోయింది. అమ్ముకోలేదు వెధవ. అమ్ముకోలేదు. షూటింగువాళ్ళని లోపలికి పిలిచాడు, కాఫీ పోశాడు, అడిగింది అడిగినట్టు ఇస్తానన్నాడు, ఇచ్చాడు, గాడిద తిట్లు ఇచ్చి పంపించాడు, ఫోటోలో ఆ పంతులుమొహం వెనకాల ఎంత నవ్వుకుంటున్నాడో. మాట వాడి దగ్గరే ఉంది. బతికే ఉంది. మరయితే వాడు తప్పే చెయ్యకపోతే తన ఏడేళ్ళ మేకు ఎందులో దిగ్గొట్టాలి? కొత్త కోపమొచ్చింది, ఇంతకు ముందుదానికంటే పెద్దది: పగ తీర్చుకునే వీలు కూడా లేకుండా చేశాడు, దొంగ. ఆ వెంటనే ఇంకొక అనుమానం, చల్లగా, మంచుముక్కలాగా. వాడి దగ్గర అసలు వేరే మాటంటూ ఉందా? అమ్మ పోయేముందు వాడి చెవిలో ఏం చెప్పిందో ఎవరు విన్నారు? చాలు. నిలబడు. కదలకు. నెత్తురుకి చెప్పాల్సింది మాత్రం ఇంకేముంది? ఏడాదిగా ఫోనులో తన నరంతో వాడు చెబుతున్నది మదామ్‌కి చెప్పిందేనేమో. అమ్మ ఆ రేవులో నాన్న చేతికి చెప్పినదీ. తెలీదు. ఎప్పటికీ తెలీదు. అడగకూడదు కదా.

అయినా ఆ మాట ఉంది. నీ నోరే నాన్నని తిన్నది. గాడిద దాన్ని తినెయ్యలేదు. అది అలాగే ఉంది, సున్నం కింద ఎముకలాగా.

మర పాట పాడింది, అయిపోయిందని. రెనిషా చేతికి తొడుగులేసుకుని వచ్చింది, ఒక సూది తీసింది, రెండోది తీసింది, గుడ్డ పెట్టి "నొక్కండి" అంది. నొక్కాడు. వేళ్ళకింద వెచ్చగా ఊరడం తెలుస్తోంది, గుడ్డ మధ్యలో చుక్క, చుక్క చుట్టూ వలయం. నల్లద్రాక్ష. గుమ్మం దగ్గర తర్వాత బ్యాచివాళ్ళు, ఒకావిడ నడిచే కర్రమీద ఆనుకుని ఇతని కుర్చీవంకే చూస్తోంది. ఓజెమ్ ఇంకా చిన్నచిన్నగా ఎగసిపడుతున్నాడు. తొమ్మిదీ అయిదు. ఫోను దుప్పటి మీద గిలగిల్లాడింది.

"అడుగుతున్నావా?"

అదే గొంతు. వెనకాల బడిపిల్లల అల్లరి.

"అడుగుతున్నా."

"పూర్తి పేరు."

"ఎల్డన్ జోసెఫ్ మెలాన్సాన్. ఏడాదిగా మారలేదు."

ఊపిరి. ఎల్డన్ ఈసారి ఫోనుని భుజంతో చెవికి గట్టిగా అదుముకున్నాడు, ఏదైనా వినపడుతుందేమోనని, బెండలాంటిదీ, మదామ్‌లాంటిదీ. ఏమీ లేదు, సముద్రం దూరంగా ఉన్నప్పుడు వినపడేలాంటి చప్పుడు. వేళ్ళకింద ఊరడం ఆగింది. మొదట ఒక వేలి కింద, తర్వాత రెండో వేలి కింద. గుడ్డమీది వలయం ఉన్నచోటే నిలబడింది.

ఇక ఫోను పెట్టేసే చప్పుడు రావాలి. రాలేదు. క్లోవిస్ ఫోను పెట్టలేదు. ఏడాదిలో మొదటిసారి అవతల నిలబడి ఉన్నాడు, ఊరికే. బడిగంట మోగింది, అయినా నిలబడే ఉన్నాడు.

ఇప్పుడు. రెండు వారాలు తియ్యగా చేసుకున్న మాట, ఏడేళ్ళు పదునుపెట్టుకున్న మాట, నాలిక చివర. పెదాలు తెరిస్తే చాలు, ఇంకేం చెయ్యక్కర్లేదు, దానంతటదే వెళ్ళి వాడి చేతిమీద కూర్చుంటుంది. పెదాలు తెరుచుకున్నాయి. తమాషా ఏంటంటే, ఆ క్షణాన ఆ మాట రెండురకాలుగానూ నిజమే. చంపడానికీ అదే మాట. పన్నెండేళ్ళప్పుడు గొంతులోకి తన్నుకొచ్చిందీ అదే.

"చూశావా?" అన్నాడు క్లోవిస్.

"చూశా."

"ఎలా ఉంది?"

"'వంకరకాళ్ళ' దగ్గర ఆ పిల్ల మింగేసింది," అన్నాడు ఎల్డన్. "అమ్మ అక్కడ గొంతు లేపేది. ఏం పంతులువిరా నువ్వు, గాడిదని తిట్టడం కూడా సరిగ్గా నేర్పలేవు."

అవతల చిన్న శబ్దం, ముక్కులోంచి వచ్చిన నవ్వో, మరోటో. తర్వాత ఫోను పెట్టేసిన చప్పుడు.

రెనిషా గుడ్డ ఎత్తి చూసింది. పొడిగా ఉంది. "నాలుగు నిమిషాలు," అంది ఆశ్చర్యంగా, "ఎప్పుడూ లేనిది." ఎల్డన్ తలూపాడు. మాట్లాడలేదు, నోరు తెరిస్తే పడిపోతుంది. ఆ మెర్సీ నాలిక కింద ఉంది, నువ్వుగింజంత, గట్టిగా, చేదుగా, నలభై ఏళ్ళలో మొదటిసారి నోట్లో నానుతోంది. పారెయ్యలేదు. పారెయ్యడు. బుధవారం ఉంది. శుక్రవారం ఉంది. కర్రమీద ఆనుకున్న ఆవిడకి కుర్చీ వదిలి లేచాడు.